పాత కారవాన్ ట్రైలర్‌కు ఎంత ఇవ్వవచ్చు? బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకు ఇద్దరు ముగ్గురైనా నాకు ఒక ఫొటో పంపుతారు. వేపచెట్టు కింద తలుపు ఊడిన ట్రైలర్, దాని నీడలో పడుకున్న మేక. ఫొటో కింద ఒకే మాట: "ఎంత ఇవ్వవచ్చండీ?" బస్సు బాడీలు కట్టే షెడ్డులో చాలాకాలం పని చూసుకున్నవాణ్ని కాబట్టి నన్ను అడుగుతారు. చెప్పిన జవాబే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది. అందుకే వచ్చిన సందేహాలన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## చూడడానికి వెళ్లే ముందు

కారవాన్ అంటే సినిమావాళ్ల బస్సు కదా? మీరు చెప్పేది అదేనా?

కాదు. షూటింగుల్లో కనిపించేది సొంత ఇంజను ఉన్న బస్సు. ఇక్కడ మాట్లాడుతున్నది కారు వెనక తగిలించుకుని లాగే చిన్న ఇల్లు: రెండు లేదా నాలుగు చక్రాలు, లోపల మంచం, పొయ్యి, చిన్న వంటగట్టు. మన దగ్గర నేను చూసినవి ఎక్కువగా స్థానికంగా ఇనుప చట్రం మీద ప్లైవుడ్, రేకు కొట్టి కట్టినవే. విదేశాల నుంచి వచ్చినవి అరుదు. వీటి ధర లెక్కించే పద్ధతి వేరు, బస్సు లెక్క వీటికి పనికిరాదు.

అమెరికాలో ఇదే మోడల్ ఇరవై వేల డాలర్లు పలుకుతోంది. ఇక్కడా అంత ఉంటుంది కదా?

ఉండదు. ఎక్కువ మంది మోసపోయేది ఈ గుణకారంలోనే. ఎయిర్‌స్ట్రీమ్ సంగతే తీసుకోండి. 1931లో మొదలైన ఆ అమెరికా ట్రైలర్ కంపెనీ తన బండ్ల ఆకారాన్ని దశాబ్దాల పాటు పెద్దగా మార్చలేదు. అందుకే అక్కడ పాత బండికి కిటికీ రబ్బరు నుంచి తలుపు గొళ్లెం వరకు దొరుకుతాయి, బాగు చేసేవాళ్లున్నారు, యజమానుల సంఘాలున్నాయి, పాత ధరల పట్టికలున్నాయి. అక్కడి ధరలో ఈ సదుపాయాలన్నీ కలిసి ఉంటాయి. ఇక్కడ ఒక కిటికీ అద్దం పగిలితే వంపు తిరిగిన అద్దాన్ని ప్రత్యేకంగా చేయించాలి. పైగా అమ్మేవాడు చూపించేది సాధారణంగా పూర్తిగా బాగు చేసిన బండి ధర, అదీ అడుగుతున్న ధర. చేతులు మారిన ధర అంతకంటే తక్కువ. మీ ముందున్నదేమో మేక పడుకున్న బండి.

యాభై ఏళ్లు దాటింది. వింటేజ్ కాబట్టి విలువ పెరగదా?

వయసుకు విలువ లేదు, మిగిలినదానికే విలువ. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న మోటారుసైకిలు లాంటి ద్విచక్ర వాహనాల గురించి, కారు లాంటి నాలుగు చక్రాల వాహనాల గురించి చెబుతాయి. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు రుసుము, నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. అలా నమోదైన బండిని రోజువారీ వాడకానికి తిప్పకూడదు. రెండు చక్రాల ట్రైలర్‌ను చూపించి, "వింటేజ్ సార్, నంబరు ఇట్టే వస్తుంది" అని ఎవరైనా లక్ష అదనంగా అడిగితే ఆ లక్షకు ఆధారం ఏమిటని అడగండి.

ఎప్పుడు వెళ్లి చూడడం మంచిది?

వాన పడిన మర్నాడు. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వాన కొడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ మర్నాడు ఉదయం వెళితే కారే ప్రతి చోటూ దానంతట అదే కనిపిస్తుంది. నేను నా మొదటి ట్రైలర్‌ను మార్చిలో కొన్నాను. లోపల కొత్తగా తెల్ల రంగు వేసి ముచ్చటగా ఉంది. జూన్‌లో ఆ తెల్ల రంగు మీద టీ మరకల్లాంటి గీతలు దిగాయి. నేలను, ఒక గోడను పూర్తిగా మార్చడానికి కొన్న ధర కంటే ఎక్కువే అయింది. అప్పటి నుంచి కొత్త రంగు వాసన వస్తే నా జేబు దానంతట అదే మూసుకుంటుంది.

వెంట ఏమేమి తీసుకెళ్లాలి?

టార్చి, స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, అయస్కాంతం, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి, తెల్ల కాగితం, పెన్సిలు. చెక్కలో చెమ్మ కొలిచే చిన్న మీటరు దొరికితే ఇంకా మంచిది. బండిని చూసి మురిసిపోయే మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లకండి. మా తమ్ముడిని ఒకసారి తీసుకెళ్లాను. అమ్మేవాడి ముందే, "అన్నయ్యా, దీన్ని వదలకూడదు" అన్నాడు. ఆ మాట విలువ పదిహేను వేలు.

## ఎదురుగా నిలబడినప్పుడు

అన్నిటికంటే ముందు ఏమి చూడాలి?

నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎంత దూరం వెళ్లాయి అన్నది. మిగతావన్నీ తర్వాత.

ట్రైలర్ చచ్చిపోయేది తుప్పుతో కంటే చెమ్మతోనే. పైకప్పు, గోడ కలిసే అంచులు, కిటికీల కింది మూలలు, పైకప్పు మీది గాలి మూత, వెనక లైట్ల చుట్టూ ఉన్న రంధ్రాలు, ఇవే నీళ్ల దారులు. లోపలికి వెళ్లి తలుపు మూసి ఒక నిమిషం ఊరికే నిలబడండి. తడిసిన గోనెసంచి వాసన వస్తే అది బూజు. తర్వాత బొటనవేలితో గోడను కిటికీ కింద, మూలల్లో నొక్కండి. గట్టిగా ఉండాలి. అప్పడంలా లోపలికి దిగితే లోపలి చట్రం కుళ్లింది. పైకి కనిపించే మరక అడుగు వెడల్పుంటే లోపల కుళ్లు మూడడుగులు ఉంటుందనుకోండి. తెరిచి చూసిన ప్రతిసారీ నాకు ఇలాగే ఎదురైంది.

నేల మీద మడమతో నడవండి, వేళ్లతో కాదు. తలుపు దగ్గర, గట్టు కింద, మంచం పెట్టె లోపల నేల మెత్తబడి ఉంటుంది. మంచం పెట్టె మూత ఎత్తి లోపల స్క్రూడ్రైవరుతో పొడవండి. మంచి ప్లైవుడ్ అయితే మొన దిగదు. వెన్నలో దిగినట్టు దిగితే, మొత్తం నేల ఖర్చు మీ లెక్కలో రాసుకోండి. మీటరు ఉంటే, 15 శాతం లోపు చెమ్మకు కంగారు లేదు. 20 దాటితే ఎక్కడి నుంచో నీళ్లు వస్తున్నాయి. 30 చూపిస్తే ఆ భాగాన్ని కోసి తీయాల్సిందే.

చెదలు మన దగ్గర అదనపు బహుమతి. తోటల్లో ఇటుకల మీద ఎత్తిపెట్టిన బండ్లకు ఆ ఇటుకల మీదుగా మట్టి గొట్టాలు పాకి ఉంటాయి. సుత్తితో చెక్కను తట్టండి. డొల్ల శబ్దం మీకే తెలుస్తుంది.

ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) తుప్పు పట్టింది. ఎంత తుప్పయితే వదిలేయాలి?

పైపైన ఎర్రగా ఉంటే భయం లేదు. గీకి, రంగు వేసుకోవచ్చు. పొరలు పొరలుగా ఊడుతుంటే సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే ఇనుము మిగిలే ఉంది. మొద్దుగా మోగితే లేదు. ముఖ్యంగా చూడాల్సినవి మూడు చోట్లు: ముందు కొక్కెం దగ్గర కలిసే రెండు కమ్మీలు, కమాను పట్టీలను పట్టుకునే బ్రాకెట్లు, వెనక చివరి అడ్డ కమ్మీ. ముందు కమ్మీల మీద రకరకాల వెల్డింగు అతుకులు కనిపిస్తే ఎప్పుడో విరిగి అతికించారని అర్థం. ఆ బండిని రోడ్డు మీదకు తేవాలనుకుంటే కొత్త ఛాసిస్ ఖర్చే రాసుకోండి. పీణ్యలో ఛాసిస్ కట్టడం పెద్ద పని కాదు. పాత బాడీని చెక్కుచెదరకుండా ఎత్తి దాని మీద దించడమే అసలు పని.

అల్యూమినియం బాడీకి తుప్పు పట్టదు కదా, నిశ్చింతగా కొనవచ్చా?

ఎర్ర తుప్పు పట్టదు. కానీ అల్యూమినియం ఇనుమును తాకిన చోట తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. తెల్లటి పిండిలా పొడి కనిపించేది అక్కడే. ముందుగా అయస్కాంతం పెట్టి అది నిజంగా అల్యూమినియమేనా చూసుకోండి. వెండి రంగు పూసిన ఇనుప రేకును అల్యూమినియం ధరకు అంటగట్టబోయిన పెద్దమనిషిని నేను చూశాను.

రివెట్లతో కట్టిన గుండ్రటి బాడీ అయితే మరో పరీక్ష ఉంది. వెనక బంపరు మీద ఒకరిని ఎక్కించి మెల్లగా ఊగమనండి. బాడీ, బంపరు కలిసి కదలాలి. బంపరు మాత్రమే దిగి, బాడీ అక్కడే ఉండి మధ్యలో సందు తెరుచుకుంటే, వెనకభాగం నేల కుళ్లి బాడీ ఛాసిస్‌ను వదిలేసింది. పాత ఎయిర్‌స్ట్రీమ్‌లకు ఇది పేరుపడ్డ జబ్బు.

సొట్టల విషయంలో ఒక మాట. అల్యూమినియం సొట్టను టింకరింగ్ చేసి మామూలు రేకులా తీయలేరు, సాగిపోతుంది. ఆ రేకునే మార్చాలి. అదృష్టం ఏమిటంటే మనది విమానాలు కట్టే ఊరు. 1940లో ఇక్కడ మొదలైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఒకప్పుడు రైలు పెట్టెలు కూడా కట్టింది. ఆ పని నేర్చి పదవీ విరమణ చేసినవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. రివెట్ పని తెలిసిన చెయ్యి దొరికాకే అల్యూమినియం బండికి బేరం మొదలుపెట్టండి.

ఫైబర్ బాడీ అయితే?

సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు పైపూతవి, వాటికి పెద్దగా తగ్గించనక్కర్లేదు. వేలితో నొక్కితే కదిలే పగులు, లేదా తడితే బోలుగా మోగే ఉబ్బు ఉంటే తగ్గించండి. అతుకులు తక్కువ కాబట్టి వానకు ఫైబర్ బండి మిగతావాటి కంటే బాగా నిలుస్తుంది. రెండూ సమానంగా పాడై ఉంటే నేను ఫైబర్‌దే తీసుకుంటాను.

లోపల ఫ్రిజ్, స్టవ్, లైట్లు అన్నీ ఉన్నాయి. వాటికి ఎంత కలపాలి?

సున్నా. మీ కళ్ల ముందు పని చేస్తే అప్పుడు చూద్దాం. గ్యాసుతో నడిచే పాత ఫ్రిజ్ వెనక గొట్టాల మీద పసుపు మరక, ఘాటైన అమ్మోనియా వాసన ఉంటే అది తుక్కే. అమెరికా బండి అయితే లోపలి సామాను 120 వోల్టులది. మన 230 వోల్టులకు కలిపితే ఒక్క క్షణంలో కాలిపోతుంది. వైర్లను ఎలుకలు కొరికాయా అని వెతకడం కూడా అనవసరం. కొరికాయి. వైరింగ్ మొత్తం కొత్తగా వేయాలనే రాసుకోండి.

విలువ ఉన్నవి వేరే: అసలు కిటికీలు, తలుపు, గొళ్లేలు, వెనక లైట్ల అద్దాలు, కంపెనీ పేరు పలక. ఇవి మళ్లీ దొరకవు. కిటికీలన్నీ పగలకుండా ఉన్న ఖాళీ డొల్లకు, కిటికీలు పోయి ఫ్రిజ్ ఉన్న బండి కంటే నేను ఎక్కువ ఇస్తాను.

టైర్లు కొత్తవిలా నల్లగా ఉన్నాయి. మార్చకుండా వాడవచ్చా?

నలుపు పాలిష్‌ది. టైరు పక్కన ఉన్న చివరి నాలుగు అంకెలు చదవండి: 2314 అంటే 2014వ సంవత్సరం ఇరవై మూడో వారం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది. అరుగుదల లేకపోయినా నిలిచిపోయిన టైరు రబ్బరు ఎండి పగులుతుంది. ధర కట్టేటప్పుడు టైర్లు, బేరింగులు, బ్రేకులు అన్నీ కొత్తవి వేయాలనే రాసుకోండి.

తలుపు రోడ్డు వైపు తెరుచుకుంటోంది. దానివల్ల ధర తగ్గుతుందా?

తగ్గాలి. అమెరికావాళ్లు రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు, అందుకే వాళ్ల ట్రైలర్ తలుపు కుడి వైపు ఉంటుంది. మన రోడ్డు పక్కన ఆపితే పిల్లలు లారీల వైపు దిగాలి. ఇంగ్లండు బండ్లకు తలుపు ఎడమ వైపే, మనకు సరిపోతుంది. తోటలో కదలకుండా ఉంచుకునేవాళ్లకు మాత్రం ఏ వైపైనా ఒకటే.

## ధర కట్టేటప్పుడు

ఏమీ పనికిరాకపోయినా కనీసం ఎంత వస్తుంది?

తుక్కు తూకం ధర. వీలైతే కాటా మీద ఎక్కించి బరువు చూడండి. కానీ మొత్తం బరువును ఇనుము ధరతో గుణించకండి. అందులో ప్లైవుడ్, దూది, రెగ్జిన్, అద్దం ఉన్నాయి. వాటిని పారేయడానికి ఎదురు డబ్బు ఇవ్వాలి. ఇనుము ఎంత, అల్యూమినియం ఎంత అని విడదీసి, ఆ రోజు శివాజీనగర్ గుజరీ (పాత సామాను) కొట్లో చెప్పే ధరతో లెక్కకట్టండి. కోత కూలి తీసేయండి. మిగిలినది అమ్మేవాడికి ఎలాగూ వచ్చే డబ్బు. అంతకంటే తక్కువకు అడిగితే ఇవ్వడు, ఇవ్వకపోవడం న్యాయమే.

గరిష్ఠంగా ఎంత వరకు వెళ్లవచ్చు?

ధరను వెనక నుంచి కట్టుకుంటూ రావాలి. ముందు, అదే కొలతల్లో కొత్త ట్రైలర్ కట్టడానికి ఎంత అవుతుందో బాడీ షెడ్డులో అంచనా తీసుకోండి. మామూలు డబ్బా ఆకారపు పాత బండి, బాగు చేశాక కూడా, ఆ ధర దాటకూడదు. మళ్లీ దొరకని ఆకారమైతేనే కొంచెం కలపండి.

ఒక లెక్క చూద్దాం, అంకెలు ఉదాహరణకే. బాగు చేశాక బండి విలువ 6 లక్షలు అనుకుందాం. నేల, గోడలు 1,40,000. ఛాసిస్ మరమ్మతు 40,000. ఇరుసు, టైర్లు, బ్రేకులు 45,000. వైరింగ్ 35,000. కిటికీలు, రబ్బర్లు 25,000. రంగు 40,000. లోపలి చెక్కపని 80,000. కూడితే 4,05,000. దీనికి నాలుగో వంతు కలపండి, ఎందుకంటే గోడ తెరిచాక ఏదో ఒకటి బయటపడుతుంది: సుమారు 5,06,000. తెచ్చుకునే కిరాయి 20,000. ఆరు లక్షల్లోంచి తీసేస్తే మిగిలింది 74,000. మీరు ఇవ్వదగ్గ పై హద్దు అది. అమ్మేవాడు రెండు లక్షలు అంటే, అతను అడుగుతున్నది బండి ధర కాదు, మీ మోజు ధర.

మీ సొంత శ్రమకు కూలి వేయాలా అని చాలామంది అడుగుతారు. వేయండి. ఏడాది ఆదివారాలు ఊరికే వచ్చినవి కావు, ఇంట్లోవాళ్లను అడిగి చూడండి.

ఒకే బండికి ముగ్గురు మూడు ధరలు చెప్పారు. ఎవరిది నిజం?

ముగ్గురిదీ నిజమే కావచ్చు. వాళ్లు చూసింది మూడు వేర్వేరు పనులకు. రోడ్డు మీద లాగాలనుకునేవాడికి ఛాసిస్, ఇరుసు, కాగితాలు ముఖ్యం. అవి లేకపోతే అతనికి అది తుక్కే. సక్లేశ్‌పుర తోటలో అతిథులకు గదిగానో, నంది కొండ దారిలో టీ కొట్టుగానో నిలబెట్టాలనుకునేవాడికి ఇరుసు విరిగినా ఫరవాలేదు. కప్పు కారకూడదు, చూడడానికి అందంగా ఉండాలి. మూడోవాడికి కావలసింది ఆ ఒక్క మోడలే. అతను ధర గురించి మాట్లాడే స్థితిలో ఉండడు.

కాబట్టి మీరు ఏ పనికి కొంటున్నారో ముందు తేల్చుకోండి. నిలబెట్టడానికి కొంటూ రోడ్డుబండి ధర ఇవ్వడం ఎక్కువగా జరిగే పొరపాటు. "ముందు తోటలో పెడదాం, తర్వాత ఎప్పుడైనా ఊళ్లు తిరుగుదాం" అనేవాళ్లు తోట ధరే ఇవ్వాలి. ఆ "తర్వాత" ఎప్పుడూ రాదు.

మా మామగారి తోటలోనే ఉంది. డబ్బు ఇస్తే నొచ్చుకుంటారు, ఊరికే తీసుకుంటే బావమరిది ఊరుకోడు. ఏమి చేయాలి?

తుక్కు ధరను మూడో మనిషితో కట్టించండి. ఆ మొత్తాన్ని బావమరిది ఎదుటే అత్తగారి చేతికి ఇవ్వండి. బాగు చేశాక పెరిగే విలువ మీ ఖర్చుది అని అప్పుడే చెప్పేయండి. రంగు వేశాక చెబితే ఎవరూ వినరు.

## కాగితాలు, బేరం

ట్రైలర్‌కు కూడా ఆర్సీ ఉండాలా? కారుకు ఉంది కదా?

ఉండాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్, బీమా కావాలి. రోడ్డు మీద తిప్పేటప్పుడు లాగే బండి నంబరు ట్రైలర్ మీద కూడా కనిపించాలి. ఆర్సీ లేని ట్రైలర్‌ను రోడ్డుబండిగా కాకుండా తోటలో పెట్టుకునే గదిగానే లెక్కకట్టి, ఆ ధరే ఇవ్వండి.

పాత పుస్తకం ఆర్సీ ఉంది. సరిపోతుందా?

ముందు ఛాసిస్ నంబరు చూడండి. సాధారణంగా ముందు కమ్మీ మీద చెక్కి ఉంటుంది. రంగు గీకి, తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు పడుతుంది. ఆర్‌టీవో కార్యాలయం అడిగేది కూడా ఈ అచ్చే. పుస్తకంలోని అంకెతో ఒక్క అక్షరం తేడా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి. సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకే చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. 'ఎంవై' అక్షరాలతో మొదలయ్యే మైసూరు కాలపు నంబరు చూసి మురిసిపోయే ముందు ఆ పునరుద్ధరణ ఎప్పుడు ఆగిపోయిందో చూడండి. పాత బకాయిలన్నీ ధరలోంచే తగ్గాలి.

యజమాని చనిపోయారు. వాళ్ల అబ్బాయి అమ్ముతున్నాడు. కొనవచ్చా?

ముందు అతని పేరుకు మారాలి. దానికి ఫారం 31 ఉంది. మిగతా వారసుల అంగీకారం లేకుండా ఒక్కడి సంతకం మీద డబ్బు ఇస్తే, రంగు వేసి నిలబెట్టిన రోజున అక్కగారు దిగుతారు.

అనంతపురంలో దొరికింది. అక్కడి నంబరుతో ఇక్కడ ఉంచుకోవచ్చా?

పన్నెండు నెలల కంటే ఎక్కువ కాలం ఇక్కడ ఉంచితే కర్ణాటక నంబరు తీసుకోవాలి. అక్కడి ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి. కొనే రోజునే ఆ కాగితం మీద, యాజమాన్యం మార్చడానికి వాడే ఫారం 29, 30ల మీద అమ్మేవారి సంతకాలు చేయించుకోండి. తర్వాత ఫోను ఎత్తరు.

బేరం ఎలా మొదలుపెట్టాలి?

లోపాల పట్టిక చేతిలో పెట్టుకుని, గొంతు పెంచకుండా. బండిని తిట్టకండి. అది ఆయన తండ్రి కొన్నదై ఉండవచ్చు. "నేలకు ఇంత, ఇరుసుకు ఇంత, మిగిలింది ఇదండీ" అని లెక్క చూపించండి. అంకెలు చూసిన మనిషి మాటలు విన్న మనిషి కంటే త్వరగా దిగుతాడు. దిగకపోతే మీ నంబరు ఇచ్చి వచ్చేయండి. ఒక వానాకాలం గడిచాక ఆయనే పిలుస్తారు.

## ఇంటికి తెచ్చేటప్పుడు

నా కారు వెనక తగిలించి లాక్కు రావచ్చా?

ఏళ్లుగా నిలిచిపోయినదాన్ని వద్దు. ఫ్లాట్‌బెడ్ లారీ మీద తెప్పించండి. బేరింగులు ఎండిపోయి, దారిలో చక్రం ఊడి మిమ్మల్నే దాటిపోవచ్చు. కొక్కెం కొలత కూడా చూసుకోవాలి. కొక్కెం కూర్చునే గుండు ఐరోపాలో 50 మిల్లీమీటర్లు, అమెరికా రెండంగుళాల గుండు 50.8. చూపుకు ఒకటే అనిపిస్తాయి, కానీ ఒకదాని కొక్కెం ఇంకొకదాని మీద సరిగ్గా కూర్చోదు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టుకోవచ్చా?

ముందు మీ గేటు ఎత్తు, ర్యాంపు మలుపు కొలవండి. తర్వాత సంఘం కార్యదర్శిని అడగండి. స్థలం అద్దెకు తీసుకోవాల్సి వస్తే, బాగు చేయడానికి పట్టే నెలల అద్దె కూడా కొనే ధరలోంచి తగ్గించండి.

ఇప్పటికే ఎక్కువ ఇచ్చేశాను. ఇప్పుడేమి చేయాలి?

టార్పాలిన్ కప్పండి, ఈ రోజే. కప్పు మీద నీళ్లు నిలవకుండా ముందు భాగాన్ని కొంచెం ఎత్తి పెట్టండి. కిటికీలు వేలెడు తెరిచి ఉంచండి, గాలి ఆడాలి. ఇటుకల చుట్టూ చెదల మందు కొట్టించండి. ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని అసలు లెక్క వేయండి. మరమ్మతు ఖర్చు బాగు చేసిన బండి విలువను దాటుతుంటే, కిటికీలు, తలుపు, పేరు పలక విడిగా తీసి జాగ్రత్త చేయండి. అలాంటి బండి ఉన్న ఇంకొకరు వాటి కోసం వెతుకుతూ ఉంటారు. ఆర్సీ ఉన్న బండిని ముక్కలు చేస్తే పద్నాలుగు రోజుల్లో ఆర్‌టీవోకు తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవడం మరవకండి.